పీఠిక లేని పేజీలో సమీకరణం

వెబ్ పేజీలో ఒక భిన్నం ఉంది. లవంలోనూ హారంలోనూ ఒకే పదం ఉంది కాబట్టి ఆ రెంటినీ అడ్డగీతతో కొట్టేసి చూపించాలని రాసినవారి ఉద్దేశం. అందుకు బ్యాక్‌స్లాష్ పెట్టి ‘క్యాన్సిల్’ అని టైపు చేశారు. పేజీ తెరిచినవారి బ్రౌజర్‌లో ఈ రాతను సమీకరణంగా మార్చే పని మ్యాథ్‌జాక్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీది. అది ఒక్కొక్క గుర్తే చదువుకుంటూ, భిన్నాన్ని గుర్తుపట్టి, లవంలోకి దిగి, ‘క్యాన్సిల్’ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆ ఆదేశాన్ని ఎలా అమలు చేయాలో దానికి తెలియదు. ఏ ఫైలులో దొరుకుతుందో మాత్రం తెలుసు. అప్పటిదాకా కట్టినదంతా అక్కడే వదిలేస్తుంది. సర్వర్ నుంచి ఆ చిన్న ఫైలు తెప్పించుకుంటుంది. అదే సమీకరణాన్ని మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెడుతుంది.

పులుసు మరుగుతుండగా ఇంట్లో ఇంగువ లేదని తెలిస్తే, ఉన్నదంతా పారబోసి, కొట్టుకెళ్లి ఇంగువ తెచ్చి, మళ్లీ చింతపండు నానబెట్టడంతో మొదలుపెట్టినట్టుంది ఇది. చూడ్డానికి తెలివితక్కువగానే కనిపిస్తుంది. కానీ దీని వెనక అరవై ఏళ్లు దాటిన వంశచరిత్ర ఉంది. ఆ వంశంలో పెద్దలు చాలా తెలివైనవాళ్లు.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం రూపొందించిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబరు 7న అధికారికంగా ప్రారంభమైంది. వేగంగా పనిచేసే దాని కోర్ మెమరీలో 16,384 వర్డ్‌లే పట్టేవి. నెమ్మదిగా తిరిగే అయస్కాంత డ్రమ్ముల మీద మరో 98,304 వర్డ్‌లకు చోటుండేది. అప్పటిదాకా ఏ సమాచారాన్ని ఎప్పుడు డ్రమ్ము నుంచి కోర్‌లోకి తెచ్చుకోవాలో ప్రోగ్రాం రాసేవాళ్లే లెక్కలు వేసుకునేవారు. ఆ తలనొప్పిని కిల్‌బర్న్ బృందం యంత్రానికే అప్పగించింది. మెమరీని 512 వర్డ్‌ల పేజీలుగా విడగొట్టింది. ప్రోగ్రాం అడిగిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రం ఆ పని ఆపి, డ్రమ్ము నుంచి పేజీని రప్పించి, ఆగిపోయిన ఆదేశాన్ని మళ్లీ అమలు చేసేది. మధ్యలో ఏం జరిగిందో ప్రోగ్రాంకి తెలియనే తెలియదు. లేనిదాన్ని అడిగితే తప్పు కింద లెక్కగట్టకుండా, తెచ్చిపెట్టమన్న సంకేతంగా తీసుకోవడం అక్కడ కుదిరింది.

ఆ తరవాతి అడుగు 1965 నుంచి ఎమ్ఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి కట్టిన మల్టిక్స్‌లో పడింది. అట్లాస్ పేజీలను ఇలా తెచ్చుకుంటే, మల్టిక్స్ ప్రోగ్రాంలనే తెచ్చుకుంది. ఒక ప్రోగ్రాం మరోదాన్ని పేరుతో పిలుస్తుంది. మొదటిసారి పిలిచినప్పుడు ఆ పేరుకు చిరునామా ఉండదు కాబట్టి పని ఆగుతుంది. వ్యవస్థ వెతికి, చిరునామా రాసిపెట్టి, పిలుపును మళ్లీ జరిపిస్తుంది. రెండోసారి నుంచి ఈ తతంగమేదీ లేదు, నేరుగా వెళ్లిపోవడమే. ఖర్చంతా మొదటి వాడకం మీదే పడుతుంది. ఎన్నడూ పిలవని ప్రోగ్రాంకి ఖర్చే లేదు. ఈ ఊహ తరవాత లిస్ప్ ప్రపంచానికి పాకి, ఇమాక్స్ ఎడిటర్‌లో ‘ఆటోలోడ్’ అన్న పేరుతోనే స్థిరపడింది. ఫలానా ఫంక్షన్ ఉందని ముందే చెప్పి ఉంచు, దాని ఫైలును మాత్రం ఎవరైనా పిలిచాకే తెరువు అని దాని సారాంశం.

ఇదంతా కంప్యూటర్ లోపలి సంగతి. గణితం వైపు కథ వేరే దారిలో నడిచింది.

1977లో డొనాల్డ్ క్నూత్ తన ‘ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి ఉసూరుమన్నాడు. సీసపు అచ్చులు పోయి ఫొటో అచ్చులు వచ్చిన కాలమది. అక్షరాల పొందిక ఆయన కంటికి ఆనలేదు. దాంతో తన పుస్తకం కోసం తనే టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ రాయడం మొదలుపెట్టాడు. అందులో గణితానికి అటూ ఇటూ డాలరు గుర్తు పెట్టాలి. గణితాన్ని అచ్చు వేయడం ఖరీదైన పని అని పేరుండటమే ఆ గుర్తు ఎంపికకు కారణమని క్నూత్ తన పుస్తకంలో చమత్కరించాడు. టెక్ మీద 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ లేటెక్ కట్టాడు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ తన అవసరాలకు మరిన్ని ఆదేశాలు చేర్చుకుంది. రసాయన సమీకరణాలకు ఒక ప్యాకేజీ, క్వాంటం భౌతికశాస్త్రం గుర్తులకు ఒకటి, కొట్టివేతలకు ఒకటి, ఇలా వేలకొద్దీ పుట్టుకొచ్చాయి.

ఈ ప్యాకేజీల వాడకానికి లేటెక్‌లో ఒక మర్యాద ఉంది. రాత మొదలవకముందే, పీఠికలో, ఏ ప్యాకేజీలు కావాలో వరసగా ప్రకటించాలి. అసలు వ్యాసం మొదలయ్యాక ప్యాకేజీ కావాలని అడిగితే లేటెక్ ఒప్పుకోదు, ఇది పీఠికలోనే చెల్లుతుందని మందలిస్తుంది. ప్రకటించకుండా ఆదేశం వాడితే, అలాంటిది లేదని తెగేసి చెప్పి ఆగుతుంది. రాసేవారు ఒకరే, ఫైలు వారిదే, ప్యాకేజీలన్నీ వారి డిస్కు మీదే ఉంటాయి కాబట్టి ఈ పద్ధతిలో ఇబ్బందేమీ లేదు. ఒక ప్యాకేజీని అదనంగా తెరిచినా పోయేది రెప్పపాటు కాలం.

వెబ్‌కి వచ్చేసరికి ఈ అమరిక మొత్తం తలకిందులైంది.

టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించింది జెనీవా దగ్గరి సెర్న్‌లో, అంటే భౌతికశాస్త్రవేత్తల గూటిలో. అయినా హెచ్‌టీఎమ్ఎల్ తొలి రూపాల్లో గణితానికి చోటు దక్కలేదు. 1995 నాటి హెచ్‌టీఎమ్ఎల్ 3.0 ముసాయిదాలో డేవ్ రాగెట్ గణితానికి ఒక ట్యాగు ప్రతిపాదించాడు. ఆ ముసాయిదా ముసాయిదాగానే మిగిలిపోయింది. 1997లో ప్రమాణంగా వచ్చిన 3.2లో ఆ ట్యాగు లేదు. 1998 ఏప్రిల్‌లో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ మ్యాథ్ఎమ్ఎల్ అనే ప్రత్యేక భాషనే ప్రమాణంగా ప్రకటించింది. ప్రమాణం వచ్చినా బ్రౌజర్లు కదల్లేదు. పెద్ద బ్రౌజర్లలో మొదట్లో మొజిల్లా ఒక్కటే శ్రద్ధ చూపింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు డిజైన్ సైన్స్ సంస్థ ఇచ్చిన మ్యాథ్‌ప్లేయర్ అనే ప్లగ్ఇన్ దిక్కయింది. గూగుల్ క్రోమ్ 2013 మొదట్లో మ్యాథ్ఎమ్ఎల్‌కు చోటిచ్చి, భద్రతా కారణాలతో తరవాతి వెర్షన్‌లోనే తీసేసింది. ఇగాలియా అనే సంస్థ పట్టుబట్టి పనిచేశాక 2023 జనవరిలో గానీ అది మళ్లీ క్రోమ్‌లోకి రాలేదు. పాతికేళ్ల నిరీక్షణ అనాలి.

ఈలోగా జనం చేసింది ఒకటే, సమీకరణాన్ని బొమ్మగా మార్చి అతికించడం. వికీపీడియా 2003లో గణితం మొదలుపెట్టినప్పుడు సర్వర్ మీద లేటెక్ నడిపి, మరీ తేలికైనవి తప్ప సమీకరణాలను పీఎన్‌జీ బొమ్మలుగా పంపింది. అక్షరాలు పెద్దవి చేసుకుంటే సమీకరణం చిన్నదిగానే మిగిలేది. ముద్రిస్తే అంచులు మెట్లుమెట్లుగా కనిపించేవి. చూపులేనివారికి ఆ బొమ్మలో ఏముందో తెలిసే దారి అంతంతమాత్రం.

న్యూయార్క్ రాష్ట్రంలో షెనెక్టడీ అనే ఊళ్లో యూనియన్ కాలేజీ ఉంది. అక్కడి గణిత ఆచార్యుడు డేవిడ్ సెర్వోన్ 2004లో జేఎస్‌మ్యాథ్ అనే లైబ్రరీ విడుదల చేశాడు. సర్వర్ మీద ఏమీ నడపనక్కర్లేకుండా, పాఠకుల బ్రౌజరే టెక్ రాతను చదివి, మామూలు అక్షరాలను ఎక్కడికక్కడ పేర్చి సమీకరణం కట్టేలా చేయడం దీని విశేషం. ఈ కథకు ఇంకా ముఖ్యమైన సంగతి, జేఎస్‌మ్యాథ్‌లోనే ఆటోలోడ్ విత్తనం ఉంది. పేజీలో గణితం అసలుందో లేదో చూసి, ఉంటేనే మొత్తం లైబ్రరీని రప్పించే ప్లగ్ఇన్ ఒకటి అందులో ఉండేది. ప్రధాన ఫైలులో కలపకుండా విడిగా ఉంచిన అదనపు ఆదేశాల ఫైళ్లు, అంటే ఎక్స్‌టెన్షన్లూ ఉండేవి. డయల్-అప్ మోడెమ్‌లు ఇంకా కుయ్‌కుయ్‌మంటున్న రోజుల్లో ప్రతి కిలోబైటూ లెక్కే.

2009లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ, సియామ్ అనే మరో గణిత సంఘం, డిజైన్ సైన్స్ కలిసి సెర్వోన్ పనికి పెద్ద రూపం ఇవ్వాలని పూనుకున్నాయి. అలా పుట్టిన మ్యాథ్‌జాక్స్ 2010 ఆగస్టులో 1.0 అయింది. అక్షరరూపాలు దించుకోలేని పాత బ్రౌజర్లనూ వదిలిపెట్టకూడదన్న పట్టుదలతో, ఒక్కో గుర్తుకూ రకరకాల సైజుల్లో బొమ్మలు తయారుచేసి జతపరిచారు. ఆ ఫైళ్లు సుమారు 30 వేలు. మ్యాథ్‌జాక్స్‌ను తమ సర్వర్ మీద పెట్టుకున్నవాళ్లకు జిప్ ఫైలు విప్పడానికే బోలెడంత సమయం పట్టేది. అన్ని ఫైళ్లున్న లైబ్రరీ అవసరమైనవాటినే తెచ్చుకోకపోతే బతకలేదు. ఎక్స్‌టెన్షన్ల సంగతి అలా ఉంచినా, మ్యాథ్‌జాక్స్ పుట్టుకతోనే విడివిడి ముక్కల సమాహారం.

సరిగ్గా ఇక్కడే పీఠిక లేకపోవడమనే చిక్కు ఎదురైంది.

ప్రశ్నలకు జవాబులు రాసే గణిత సైట్లలో గానీ, బోధన వేదికల్లో గానీ, జూపిటర్ నోట్‌బుక్‌లో గానీ సమీకరణం రాసేవారు ఒకరు, పేజీ యజమాని మరొకరు. ఏ ప్యాకేజీలు కావాలో ప్రకటించాల్సిన చోటు యజమాని చేతిలో ఉంది. ఏవి కావాలో తెలిసినవారు రాసేవారు. యజమాని ముందుచూపుతో ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నీ పెడితే, రెండే రెండు సమీకరణాలు చదవడానికొచ్చిన పాఠకుడు అక్కర్లేని బరువంతా మోయాలి. ఏమీ పెట్టకపోతే, రసాయన సమీకరణం రాసిన విద్యార్థికి ఎర్రరంగులో ముడిరాత ఎదురవుతుంది.

మ్యాథ్‌జాక్స్ దీనికి రెండు దారులు చూపింది. ఒకటి ‘రిక్వయర్’ ఆదేశం. డాలరు గుర్తుల మధ్యే, సమీకరణంలో భాగంగానే, నాకు ఫలానా ఎక్స్‌టెన్షన్ కావాలని రాసుకోవచ్చు. లేటెక్‌లో ఇలాంటిది లేదు. గణిత సైట్లలో పాత జవాబులు తిరగేస్తే చాలాచోట్ల సమీకరణాల ముందు ఈ ‘రిక్వయర్’ తోరణం కనిపిస్తుంది. రెండోది, అడగకుండానే అందుకోవడం. కొన్ని ఆదేశాలకు ఈ సౌకర్యం మొదటినుంచీ ఉండేది. కొత్త ఆదేశాలు నిర్వచించుకునే ‘న్యూకమాండ్’ కూడా ఎవరైనా వాడాకే తన ఫైలును రప్పించుకునేది. 2012 ఫిబ్రవరిలో మొదలైన రెండో తరంలో దాదాపు అన్ని ఎక్స్‌టెన్షన్లకూ దీన్ని వర్తింపజేసే ‘ఆటోలోడ్-ఆల్’ వచ్చింది. 2019 సెప్టెంబరులో వచ్చిన మూడో తరంలో అది మామూలుగా వాడే కట్టల్లోనే భాగమైపోయింది.

దీని పనితీరు విప్పి చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్స్‌టెన్షన్ల బరువు ఎక్కువ, వాటిలోని ఆదేశాల పేర్ల బరువు దాదాపు శూన్యం. అందుకని పేర్ల పట్టికను మాత్రం ముందే పంపుతారు. ‘సీఈ’ అంటే మార్టిన్ హెన్సెల్ రాసిన ఎమ్‌హెచ్‌కెమ్, ‘బ్రా’, ‘కెట్’ అంటే బ్రాకెట్, ‘క్యాన్సిల్’ అంటే క్యాన్సిల్, ఇలా సాగుతుంది పట్టిక. ఒక్క ఆదేశాలే కాదు, ‘బిగిన్’ అంటూ మొదలుపెట్టే పరిసరాల పేర్లూ అందులో ఉంటాయి. బాణాల పటాలు గీసే ‘సీడీ’ అలా వచ్చి చేరేదే. సమీకరణంలో ఈ పేర్లలో ఒకటి తగలగానే, ఆ పేరు వెనక దాక్కున్న ఉత్తుత్తి ఆదేశం నిద్రలేచి ఫైలు కోసం కబురంపుతుంది. ఫైలు వచ్చాక మళ్లీ చదివేటప్పుడు, ఆ ఉత్తుత్తి ఆదేశం పట్టికలోంచి తన పేరు తనే చెరిపేసుకుని, చదువుతున్న రాతలో ఆ పేరును తిరిగి ముందుకు నెట్టి తప్పుకుంటుంది. ఇప్పుడు ఆ పేరుకు స్పందించేది అసలు ఆదేశం. మల్టిక్స్ చిరునామా రాసిపెట్టి పక్కకు తప్పుకున్నట్టే ఇదీ.

మరి మొదటి నుంచి మళ్లీ చదవడం ఎందుకు? ఆగిన చోట నుంచే సాగొచ్చు కదా?

జవాబు జావాస్క్రిప్ట్ స్వభావంలో ఉంది. బ్రౌజర్‌లో ఆ భాష ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అదే థ్రెడ్ మౌస్ కదలికలను, స్క్రోలింగ్‌ను, తెర మీద గీయడాన్ని కూడా చూసుకోవాలి. ఫైలు వచ్చేదాకా అక్కడే నిలబడి ఉండమంటే మొత్తం పేజీ బిగుసుకుపోతుంది. కాబట్టి ఎవరైనా ఫైలు అడగొచ్చు గానీ, అడిగాక చేతిలో ఉన్న పని ముగించి థ్రెడ్‌ను వదలాల్సిందే. సమీకరణం చదవడమేమో లోతుగా దిగే పని. భిన్నం చదివే ఫంక్షన్ లవం కోసం మరో చదువరిని పిలుస్తుంది, అందులో వర్గమూలం ఉంటే అది ఇంకొకరిని పిలుస్తుంది. నాలుగు అంతస్తుల కింద ‘క్యాన్సిల్’ తగిలినప్పుడు ఆ నాలుగు అంతస్తుల స్థితినీ ఎక్కడో భద్రపరిచి, తరవాత యథాతథంగా నిలబెట్టడం 2010 నాటి జావాస్క్రిప్ట్‌లో పెద్ద యాతన. దానికన్నా ఒక మినహాయింపు సంకేతాన్ని (ఎక్సెప్షన్) పైకి విసిరేస్తే అన్ని అంతస్తులూ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పైన కూర్చున్న నియంత్రకం దాన్ని పట్టుకుంటుంది. అది నిజమైన తప్పు కాదనీ, ఫైలు రాగానే మళ్లీ ప్రయత్నించమన్న చీటీ అనీ గుర్తిస్తుంది. సమీకరణం రాత ఎక్కడికీ పోలేదు కాబట్టి మళ్లీ చదవడంలో ప్రమాదం లేదు. ఒక సమీకరణం చదవడానికి పట్టేది మిల్లీసెకన్లు, ఫైలు రావడానికి పట్టేది అంతకు ఎన్నో రెట్లు. అప్పటికే పూర్తయిన సమీకరణాల జోలికి అది పోదు, ఆగిన సమీకరణాన్నే మళ్లీ ఎత్తుకుంటుంది. ఇన్ని చూశాక, పారబోయడమే పొదుపని ఒప్పుకోవాలి.

రెండో తరంలో ఈ ఏర్పాట్లన్నిటికీ సెర్వోన్ సొంతంగా వరసలు, సంకేతాలు, తిరుగుపిలుపుల యంత్రాంగం రాసుకోవాల్సి వచ్చింది. 2015లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి ‘ప్రామిస్’ అనే సౌకర్యం రావడంతో, ఫైలు వచ్చాక ఫలానా పని చేయి అని చెప్పడం భాషలోనే తేలికైంది. సెర్వోన్, వోల్కర్ సోర్జ్ టైప్‌స్క్రిప్ట్‌లో మళ్లీ రాసిన మూడో తరం ఆ ప్రామిస్‌ల మీదే నిలబడింది. విసిరి, పట్టుకుని, మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని మాత్రం మార్చలేదు.

ఈ సౌకర్యానికి కట్టాల్సిన మూల్యం పేర్ల గొడవ. లేటెక్‌లో ‘డివ్’ అంటే భాగహారం గుర్తు. భౌతికశాస్త్ర ప్యాకేజీలో అదే పేరు డైవర్జెన్స్‌కు వాడతారు. మ్యాథ్‌జాక్స్ ఈ ఎక్స్‌టెన్షన్‌ను కూడా ఆటోలోడ్ పట్టికలో పెట్టి ఉంటే, ఏదో మూల ఒక్క భౌతికశాస్త్ర ఆదేశం వాడినందుకు, ఆ తరవాత వచ్చే భాగహారాలన్నీ డైవర్జెన్స్‌లుగా మారిపోయేవి. అందుకే దాన్ని పట్టికలోంచి కావాలనే తప్పించారు. కావాలంటే యజమాని ముందే పెట్టుకోవాలి, లేదా రాసేవారు ‘రిక్వయర్’ అనాలి. అయితే ‘రిక్వయర్’ ప్రభావం ఆ సమీకరణంతో ఆగదు, ఆ పేజీలో దాని తరవాత వచ్చే ప్రతి సమీకరణానికీ అంటుకుంటుంది. పది మంది రాసే పేజీలో ఒకరి ముచ్చట తొమ్మిది మందికి శిక్ష కావచ్చు. దీన్ని ఊహించే, ఏ ఎక్స్‌టెన్షన్లను ‘రిక్వయర్’ చేయనివ్వాలో, వేటిని కుదరదనాలో నిర్ణయించుకునే అమరికను మూడో తరంలో యజమానికి ఇచ్చారు.

రంగుల విషయంలోనైతే మ్యాథ్‌జాక్స్ తన పాత అలవాటుతోనే పేచీ పడింది. రెండో తరంలో ‘కలర్’ ఆదేశం రంగు పేరు, రంగు వేయాల్సిన భాగం అని రెంటిని తీసుకునేది. లేటెక్‌లో అలా కాదు, రంగు పేరు చెబితే ఆ తరవాతదంతా ఆ రంగులోకి మారుతుంది. మూడో తరం లేటెక్ పద్ధతినే ఎంచుకుంది. దాంతో ఏళ్ల తరబడి రాసిన పాత పేజీల్లో రంగు ఒక పదంతో ఆగకుండా వరస చివరిదాకా పారే పరిస్థితి వచ్చింది. పాత అర్థమే కావాలనుకునేవారు ఆటోలోడ్ పట్టికలో ‘కలర్’ పేరును కొత్త ఎక్స్‌టెన్షన్ నుంచి తీసి ‘కలర్‌వీ2’ పేరిట రాసుకోవాలి. ఒక పేరు ఏ ఫైలును పిలుస్తుందన్నది రెండు పంక్తుల్లో మార్చుకోగలగడం పట్టిక పద్ధతి వల్ల కలిసొచ్చిన లాభం.

అందరూ ఈ దారే తొక్కలేదు. 2014లో ఖాన్ అకాడమీ నుంచి ఎమిలీ ఐసెన్‌బర్గ్, సోఫీ ఆల్పర్ట్ విడుదల చేసిన కేటెక్ పూర్తిగా ఎదురుదారి పట్టింది. ఆగడాలు, తెప్పించుకోవడాలు, మళ్లీ మొదలుపెట్టడాలు అందులో లేవు. సమీకరణం ఇస్తే అక్కడికక్కడే హెచ్‌టీఎమ్ఎల్ తిరిగి ఇస్తుంది. ‘క్యాన్సిల్’ లాంటివి అందులో మొదటే కలిపి ఉంటాయి. రసాయన సమీకరణాల ఎమ్‌హెచ్‌కెమ్ కావాలంటే యజమానే విడిగా జతచేయాలి. తెలియని ఆదేశం వస్తే తప్పే. ఖాన్ అకాడమీ అభ్యాసాల్లాంటి చోట రాసేవారూ యజమానీ ఒక్కరే కాబట్టి ఈ కరకుదనం చెల్లుతుంది, ఆ వేగమూ నిజమే. లేటెక్ పీఠిక మర్యాదను వెబ్‌కి తెచ్చింది కేటెక్ అనుకోవచ్చు. ఎవరు ఏం రాస్తారో తెలియని చోట మ్యాథ్‌జాక్స్ ఓపికే పనికొస్తుంది.

ఆ ఓపికకు ఒక షరతుంది. అడిగిన ఫైలు అడిగిన చోట ఉండాలి. మ్యాథ్‌జాక్స్ ప్రధాన ఫైలు ఒక్కటే దించుకుని తమ సర్వర్ మీద పెట్టుకున్నవాళ్లకు భిన్నాలూ వర్గమూలాలూ చక్కగా వస్తాయి. ఏ మూడు నెలలకో ఎవరో ‘సీఈ’ రాసిన రోజున తెలుస్తుంది, పక్కన ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్ల సంచి తేలేదని. మ్యాథ్‌జాక్స్ సంస్థ తన సొంత పంపిణీ సర్వర్‌ను 2017 ఏప్రిల్ 30న మూసేసి, అందరినీ ఇతర ఉచిత పంపిణీ సర్వర్లకు మారమన్నప్పుడు కూడా ఇలాంటి అయోమయమే. మూడో తరంలో ఎక్స్‌టెన్షన్లు దాదాపు అన్నీ ఒకే కట్టగా ఉన్న ‘ఫుల్’ కూర్పు ఉంది, బరువుకు వెనకాడనివారు దాన్ని వాడుకోవచ్చు.

తరవాతి వెర్షన్లలో ఈ ఊహ ఎక్స్‌టెన్షన్లను దాటి సమీకరణాలకే పాకింది. 2021లో వచ్చిన 3.2లో ‘లేజీ’ అనే ఎక్స్‌టెన్షన్ చేరింది. తెర మీదికి రాబోతున్న సమీకరణాన్నే అది కడుతుంది, కింద ఎక్కడో ఉన్నవాటిని పట్టించుకోదు. వందల సమీకరణాలున్న పేజీలకు ఇది వరం. చిక్కల్లా టెక్ రాతలో క్రమం ముఖ్యం కావడమే. మూడో సమీకరణంలో నిర్వచించిన ఆదేశాన్ని యాభయ్యోదానిలో వాడొచ్చు, సమీకరణాల సంఖ్యలు వరసగా పెరగాలి. పాఠకుడు నేరుగా పేజీ అడుగుకు దూకితే ఎలా? లేజీ అప్పుడు పైనున్న టెక్ సమీకరణాలన్నిటినీ చదివి అర్థం చేసుకుంటుంది గానీ, తెర మీద కట్టదు. చదవడం చవక, కట్టడం ఖరీదు అన్న పాత లెక్కే ఇక్కడా పనికొచ్చింది.

2025 ఆగస్టులో వచ్చిన నాలుగో తరంలో అక్షరరూపాలకూ ఇదే వర్తించింది. కొత్త ఫాంట్ న్యూ కంప్యూటర్ మోడర్న్‌లో గుర్తులు పాతదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నిటి కొలతలూ ముందే పంపకుండా, వాటిని గుంపులుగా విడగొట్టి, ఆ గుంపులోని గుర్తు ఎక్కడైనా కనిపించాకే తెప్పిస్తారు. తెప్పించడమంటే మళ్లీ అదే విసరడం, పట్టుకోవడం, మొదలుపెట్టడం. ఫలితంగా, వెంటనే జవాబిచ్చే పాత ఫంక్షన్లను నమ్ముకున్న ప్రోగ్రామర్లకు అంతవరకు ఎన్నడూ ఎదురుకాని ‘రీట్రై’ తప్పు ఏదో ఒక అరుదైన గుర్తు దగ్గర ఎదురవుతుంది. ప్రామిస్ ఇచ్చే రూపాలనే వాడమని మ్యాథ్‌జాక్స్ పత్రాలు చెబుతున్నాయి.

తెలుగు అక్షరాల పరిస్థితి ఇందులో విడ్డూరంగా ఉంటుంది. సమీకరణం మధ్యలో ‘టెక్స్ట్’ ఆదేశంతో ‘వేగం’ అని రాస్తే, తెప్పించుకోవడానికి మ్యాథ్‌జాక్స్ ఫాంట్లలో తెలుగు ఫైలే లేదు. అప్పుడది బ్రౌజర్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ను అరువు తెచ్చుకుని, తెర మీద ఆ మాట ఎంత వెడల్పు ఆక్రమించిందో కొలుచుకుని, దాన్నిబట్టి భిన్నం గీతను సాగదీస్తుంది. బ్రౌజర్ ఉన్నంతవరకు ఇది సాఫీగానే సాగుతుంది. సమీకరణాలను ముందుగానే సర్వర్ మీద, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో కట్టి పంపేవారి దగ్గర కొలవడానికి తెర ఉండదు. అక్కడ మ్యాథ్‌జాక్స్ తేలికపాటి అడాప్టర్ తనకు తెలియని ఒక్కో యూనికోడ్ గుర్తుకూ 0.6 ఎమ్ (ఒక ఎమ్ అంటే ఫాంట్ సైజంత పొడవు) వెడల్పు అని అంచనా కడుతుంది. చైనా, జపాన్, కొరియా అక్షరాలకు 1 ఎమ్ అని వేరే అంచనా ఉంది, తెలుగుకు అలాంటి ఏర్పాటు లేదు. ‘వేగం’లో వ, ఏత్వం, గ, సున్నా కలిసి నాలుగు గుర్తులు కాబట్టి 2.4 ఎమ్ అంటుంది. ఏత్వం అక్షరం నెత్తినే కూర్చుంటుందని, దానికి విడిగా వెడల్పు అక్కర్లేదని ఆ లెక్కకు తెలియదు. గుణింతాలూ ఒత్తులూ ఎక్కువున్న మాటల దగ్గర అందుకే గీత మాటను దాటి పోతుంది. ఆ 0.6 అనే విలువను మాత్రం కాన్ఫిగరేషన్‌లో మార్చుకోవచ్చు.